రెండో తోక

పొద్దున్నే ఆరున్నరకి మనుషులకి తోకల గురించి చెప్పి ఒప్పించడం ఆషామాషీ పని కాదు. మాది ఉద్యోగస్తుల కోసం పెట్టిన పొద్దుటి కాలేజీ. పనుల్లోకి వెళ్ళేముందు రెండు గంటలు చదువుకుని పోతారు. కొందరు మంచం దిగి నేరుగా వస్తారు, కొందరు రాత్రి డ్యూటీ దిగి నేరుగా వస్తారు. ఆవలింతని బట్టి ఎవరు ఏ రకమో చెప్పలేం. వీళ్ళకి నేను స్టాటిస్టిక్స్ మొదటి పాఠాలు చెబుతాను. సగటు కట్టడం దాకా అందరూ హాయిగా వస్తారు. ఫలానాదాని సగటు ఇంత అని ఎవరైనా అంటే, ఆ మాట నమ్మాలా వద్దా అని పరీక్షించే చోటికి వచ్చేసరికి సగంమంది కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెడతారు. నాకు మాత్రం అసలు హుషారు అక్కడే పుట్టుకొస్తుంది.

ఆ రోజు బస్సు డ్రైవర్ని లేపాను. నలభై దాటిన మనిషి, ఎప్పుడూ మొదటి బెంచీయే. రోడ్డంతా కనబడకపోతే ఆయనకి కాళ్ళూ చేతులూ ఆడవు.

"మీ రూట్లో ఈ చివర్నుంచి ఆ చివరికి ఎంతసేపు పడుతుందని బోర్డు మీద రాశారు?"

"సగటున నలభై నిమిషాలండి. రాసినాయన జన్మలో బస్సెక్కలేదనుకుంటా."

"అయితే అబద్ధమంటారా?"

"నేనెందుకంటానండీ, ఉద్యోగం చేసుకోవాలి. మీరొకరోజు నాతో రండి, మీరే అంటారు."

"ఒక్కరోజు చాలుతుందా?"

వెనకనుంచి నర్సు అందుకుంది. ఈమె పెద్దాసుపత్రిలో పనిచేస్తుంది. బెంచీ మీద తల వాల్చి నిద్రపోతున్నట్టే ఉంటుంది గానీ ఒక్క ముక్క వదలదు. "అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలీదా మేడం?"

"తెలుస్తుంది. కానీ ఆ సామెత చెప్పినావిడ ముందు గిన్నె అడుగుదాకా కలిపి ఉంటుంది. మీరు పైపైన మెతుకు తీసి మాట్లాడుతున్నారు."

ఆవలింతలు తగ్గాయి. ఇక దొరికిందే సందని అసలు సంగతిలోకి దిగాను. ముందు బోర్డు మాట నిజమేనని ఒప్పుకుందాం, పెద్దమనిషి నలభై అంటే నలభై. ఇప్పుడు డ్రైవరుగారి ట్రిప్పులు కొన్ని ఏరి, వాటి సగటు కడదాం. బోర్డు మాట నిజమే అయితే మన సగటు దానికి ఇంత దూరం పోవడం ఎంత అరుదు? మరీ అరుదైతే, నూటికి ఐదుసార్లు కూడా జరగనంత అరుదైతే, అయ్యా నీ మాట నమ్మలేం అని బోర్డుకి మర్యాదగా చెప్పేస్తాం. ఆ ఐదు ఆకాశంలోంచి ఊడిపడింది కాదు, మనం ముందే గీసుకున్న గీత. గీసుకున్నాక దాన్ని గౌరవించాలి, అంతే.

తర్వాత బోర్డు మీద, బోర్లించిన గంట ఆకారంలో ఒక వంపు గీశాను. నడుమ ఎత్తులో నలభై, రెండు పక్కలా సన్నగా సాగిపోయే కొసల్ని తోకలంటారు. కుడి తోకలో ఆలస్యం, ఎడమ తోకలో తొందర.

"ఆలస్యం ఒక్కటీ చూసుకుంటే పోలా?" అన్నారెవరో.

"పోదు," అన్నాడు డ్రైవరు. "ముందెళ్ళిపోయినా తిడతారు. రొప్పుకుంటూ స్టాపుకొచ్చినాయనకి బస్సు వీపు కనబడిందనుకోండి, ఆయన నోట్లోంచి వచ్చే మాటలు ఇక్కడ చెప్పలేను."

"అందుకే రెండు తోకలూ చూడాలి. ఒక్క తోకే చూస్తానంటే తప్పేం లేదు, కానీ ఆ మాట బస్సు బయల్దేరకముందే అనాలి. బస్సు వచ్చాక గడియారం చూసి, నేను మొదట్నుంచీ ఇటే చూస్తున్నానండీ అంటే కుదరదు. అలా అన్నారంటే లెక్కలో సగం ఉత్తపుణ్యానికి ఎగిరిపోతుంది. నూటికి పదొచ్చేది ఐదొస్తుంది, లేని అరుదు ఉన్నట్టు కనబడుతుంది."

"భలే ఉందే," అన్నాడు డ్రైవరు. క్లాసంతా నవ్వింది. పక్కగదిలో అకౌంట్లు చెప్పే మేష్టారు గోడ మీద కొట్టాడు.

ఆ నవ్వులే నా కొంప ముంచాయి. మా ప్రిన్సిపాలు గారికి అన్నీ ఒకేలా ఉండాలి. కర్టెన్లు ఒకే రంగు, కుర్చీలు ఒకే ఎత్తు. అలాంటి మనిషి కింద స్టాటిస్టిక్స్ రెండు సెక్షన్లు రెండు రకాలుగా నడుస్తున్నాయి. రెండోది చెప్పేది మా బావగారు, అంటే మా అక్క మొగుడు. కాలేజీ గేటు లోపల ఆయన నాకు సార్, బయట బావ. ఆయన క్లాసులో గుండుసూది పడితే వినబడుతుంది, కానీ పడేసే ధైర్యం ఎవరికీ ఉండదు. బోర్డు మీద సూత్రం రాస్తారు, వాళ్ళు రాసుకుంటారు, ఇంకో సూత్రం రాస్తారు. మనిషి వెన్నపూస. దశాంశ బిందువు ఒక గడి పక్కకి జరిగితే మాత్రం ఆ పూట అన్నం సయించదు. అక్క ఈ మాట ఎన్నిసార్లు చెప్పుకుని మొత్తుకుందో.

ప్రిన్సిపాలు గారు మా ఇద్దర్నీ గదిలోకి పిలిచారు.

"ఒకరి క్లాసులో సగటులు కట్టడానికని టేపులు పట్టుకుని నేలలు కొలుస్తున్నారు, ఇంకొకరి క్లాసులో ఊపిరి కూడా వినబడదు. వచ్చే టర్మ్ నుంచి ఒకే పద్ధతి ఉండాలి. ఏది మంచిదో మీరే చెప్పండి."

నా నోరు ఊరుకోదు కదా. "మేం చెప్పడమెందుకు సార్, పరీక్ష చెబుతుంది. చేరినప్పుడు చీట్లు తీసే రెండు సెక్షన్లుగా పంచారు. చివరి పరీక్ష పేపరు ఒకటే, దిద్దేది వేరేవాళ్ళు. రెండు సగటుల మధ్య తేడా నిజంగా ఉందో లేదో మా క్లాసు వాళ్ళే తేలుస్తారు. మీ కళ్ళముందే."

బావగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "తేడా ఉందా అని అడగాలి సార్. ఎక్కువా అని కాదు. మేడం గారిది తక్కువ కూడా రావచ్చు కదా. రెండు వైపులా చూడాలి."

"చూద్దాం," అన్నాను. తక్కువ వస్తుందన్న ఊహకే నాకు నవ్వొచ్చింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టుండే దాన్ని నేను.

"ఒకవేళ ఏమీ తేలకపోతే?" అన్నారు ప్రిన్సిపాలు గారు.

జవాబు కూడా ఆయనే చెప్పారు. "తేలకపోతే పాతదే, అంటే సార్ పద్ధతే. రెండు సెక్షన్లూ పెద్దహాల్లో కలిపేద్దాం, సార్ చెబుతారు. మేడంని అడ్మిషన్ల కిటికీలో వేద్దాం. అక్కడ ఎలాగూ మనిషి లేరు."

అడ్మిషన్ల కిటికీ అంటే మెట్ల కింద చిన్న గది, ఇంత రంధ్రం, అవతల క్యూ. ఫోటో వెనక సంతకం పెట్టారా, జిరాక్సు తెచ్చారా, రేపు రండి. రోజంతా ఈ మూడు మాటలే. నాకు నా క్లాసు కావాలి. నేను చాలా ఉద్యోగాలు చేశాను, ఇంత ఇష్టంగా ఏదీ చేయలేదు. పొద్దున్నే వాడిపోయి వచ్చిన మొహాలు ఏదో ఒక క్షణంలో వెలుగుతాయి, అది చూడటానికి నేను జీతం లేకపోయినా వస్తాను. ఈ మాట ప్రిన్సిపాలు గారితో అనలేదు, నిజంగా జీతం ఆపేస్తారని.

ఇలాంటి కబుర్లు కాలేజీలో గోడలకి కూడా చేరతాయి. వారం తిరక్కుండా మా క్లాసుకి అంతా తెలిసిపోయింది. పందెం సంగతీ, కిటికీ సంగతీ. వాళ్ళు నేలలు కొలవడం మానేసి బుద్ధిగా చదవడం మొదలుపెట్టారు. నేనే కోప్పడి మళ్ళీ టేపులు చేతికిచ్చాను.

పరీక్ష అయింది. మార్కులొచ్చాయి. నేను చూడలేదు. నా బతుకు లెక్క నేనే వేసుకుంటే చెయ్యి వంకరపోతుందని భయం. రెండు సెక్షన్ల మార్కులూ పేర్లు లేకుండా నర్సుకీ డ్రైవరుకీ ఇచ్చి, లెక్క కట్టి అందరి ముందూ చెప్పమన్నాను. అదే వాళ్ళ టర్మ్ చివరి ప్రాజెక్టు, దానికి వేరే మార్కులు. మార్కుల కట్ట అందుకుంటూ నర్సు నా మొహంలోకి అదోలా చూసింది. నిద్రలేక అనుకున్నాను.

ఆ పొద్దున క్లాసులో ప్రిన్సిపాలు గారు తన గదిలోంచి తిరిగే కుర్చీ తెప్పించుకుని ముందు కూర్చున్నారు. దానివల్ల గదిలో ఒక కుర్చీ ఎత్తు తేడా వచ్చింది గానీ ఆయన గమనించలేదు. బావగారు గోడవార బెంచీలో, చేతిలో పెన్ను, ఒడిలో కాగితం. పక్కవాళ్ళ లెక్క అయినా సరే మళ్ళీ వేసుకుంటే గానీ ఆయన మనసొప్పదు.

నర్సు బోర్డు దగ్గరికి వెళ్ళింది. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మనిషిలా లేదు, జడ బిగించి వేసుకుంది. ఎంత శుభ్రంగా చెప్పిందంటే, నేను కుర్చీ అంచుకి జరిగి విన్నాను. తేడా ఏమీ లేదనుకుని మొదలుపెట్టాం అంది. రెండు సగటులూ రాసింది, మాదే పైన. మార్కులు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పింది. తేడా లేదన్న మాట నిజమైతే, ఊరికే అదృష్టం కొద్దీ ఇంత తేడా రావడానికి అవకాశం నూటికి మూడున్నర అని రాసి, కింద రెండు గీతలు కొట్టింది.

"గీత ఐదు. ఇది ఐదు కంటే తక్కువ. కాబట్టి మా మేడం చెప్పే పద్ధతిలో సగటు ఎక్కువని తేలింది సార్."

క్లాసు చప్పట్లు కొట్టింది. ప్రిన్సిపాలు గారు కూడా కొట్టారు, ఒకే వేగంతో. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. గెలిచాను కదా.

అప్పుడు పైవరస చదివాను. తేడా లేదన్న మాటకి ఎదురుగా, ప్రిన్సిపాలు గారి గదిలో అనుకున్న 'సగటులు వేరు' అన్న మాట ఉండాలి. అక్కడ 'మా సగటు ఎక్కువ' అని ఉంది. ఒక్క తోకే చూశారు. రెండో తోక కోసేశారు. మూడున్నరని రెట్టింపు చేయడానికి నాకు కాగితం అక్కర్లేదు. ఏడు. గీతకి అవతల.

బావగారి వైపు చూశాను. ఆయన పెన్ను కాగితం మీద ఆగిపోయి ఉంది. నాకంటే ముందే చూసి ఉంటారు. ఆయన తల ఎత్తి నన్ను చూశారు. నోరు తెరుస్తారని ఎదురుచూశాను, ఎందుకంటే పెళ్ళిభోజనంలో కూడా క్యాటరింగ్ వాడి కూడిక తప్పు దిద్దిన మనిషి ఆయన. ఆయన పెన్నుకి మూత పెట్టి, జేబులో పెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టారు.

అంటే ఆ గదిలో తెలిసినవాళ్ళు చెప్పరు, చెప్పగలిగినవాళ్ళకి తెలీదు. నేనొక్కదాన్ని ఊరుకుంటే చాలు. ఊరుకుందామనే అనుకున్నాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. మాదే పైన ఉంది కదా, ఏడుకీ ఐదుకీ ఏపాటి దూరం, ముందే ఒక తోక అనుకుని ఉంటే ఇదే సరైన లెక్క కదా అని నా మనసు నాకే వకీలై వాదించింది. మంచి వకీలు కూడాను. కానీ బోర్డు దగ్గర నిలబడ్డ మనిషిని చూస్తే నాకు భయమేసింది. ఈమె రేపు ఆసుపత్రిలో ఏ కొత్త మందు గురించో ఇలాంటి లెక్కే చూస్తుంది. నా క్లాసులో ఆమె నేర్చుకున్న ఆఖరి పాఠం ఇదే అవుతుంది. ఇష్టమైనవాళ్ళ కోసమైతే తోక కోయవచ్చని.

"ఒక ప్రశ్న," అన్నాను. "ఎక్కువా అనే అడగాలని ఎప్పుడనుకున్నారు?"

నర్సు సుద్దముక్కని రెండు వేళ్ళమధ్య తిప్పుతోంది. డ్రైవరు లేచాడు.

"మార్కులు చూశాక మేడం. మనదే పైన కనబడుతోంది కదా, ఇంక రెండో వైపెందుకని..."

"మీకు తెలీక చేశారా?"

"తెలిసే చేశాం," అంది నర్సు. "ముందు రెండు తోకలతోనే కట్టాం. ఏడొచ్చింది. మళ్ళీ కట్టాం, మళ్ళీ ఏడే. మిమ్మల్ని ఆ కిటికీలో కూర్చోబెడతారట. అందుకని."

ప్రిన్సిపాలు గారు కుర్చీ నా వైపు తిప్పారు. "ఏడేమిటి, మూడున్నరేమిటి? ఎవరైనా తెలుగులో చెబుతారా?"

చెప్పాను. ఫలితం చూశాక ప్రశ్న మార్చారని, అసలు ప్రశ్నకి జవాబు ఏడని, అది మా గీత కిందికి రాలేదని. చెబుతూ ఉంటే నా క్లాసు నన్ను చూసిన చూపు నేను మర్చిపోను. తమ ఇంటికి తామే నిప్పుపెట్టుకునే మనిషిని అలా చూస్తారేమో.

"రెండేగా తేడా," అన్నారు ప్రిన్సిపాలు గారు. పాపం ఆయనకీ మనసు మెత్తబడినట్టుంది. "సర్దుకుందాం."

"గీత మనమే గీశాం సార్. పిల్లలు ఆటలో ఓడిపోతే గీత జరుపుతారు, మనం పిల్లలం కాదు కదా."

"అయితే రెండు పద్ధతులకీ తేడా లేదన్నమాట."

నేను జవాబు చెప్పబోయాను. నర్సు అడ్డొచ్చింది. నా మీద కోపంతో ఆమె మొహం ఎర్రగా ఉంది, అయినా మాట తడబడలేదు. "లేదని కాదు సార్. ఉందని చెప్పడానికి ఈ మార్కులు చాలవు. ఇంకా ఎక్కువమంది ఉంటే తేలేదేమో. తేలకపోయేదేమో. ఇప్పటికైతే తెలీదు."

"నాకు రెండూ ఒకలాగే వినబడుతున్నాయమ్మా." ఆయన బావగారి వైపు తిరిగారు. "మీరేమంటారు?"

బావగారు లేచి నిలబడ్డారు. "ఆ అమ్మాయి చెప్పిందే కరెక్టు సార్. ఒక్క అక్షరం తీసేయడానికి లేదు."

"మరి నిర్ణయం?"

"తేలకపోతే పాతదే అనుకున్నాం," అన్నారు, నా వైపు చూడకుండా.

అంతే. కుర్చీ వెళ్ళిపోయింది, వెనకే ప్రిన్సిపాలు గారు వెళ్ళిపోయారు. వరండాలో బావగారు నాకోసం ఆగారు. గేటు ఇంకా దాటలేదు, అయినా సార్ లేరు, బావే ఉన్నారు.

"నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయేది?"

"మీరు మూసుకున్నారుగా, మీదేం పోయింది?"

"మీ అక్కకి సమాధానం చెప్పుకోవాల్సింది నేను. నువ్వా కిటికీలో కూర్చుంటే నా ఇంట్లో పొయ్యి వెలగదు." మామూలుగా అయితే అక్క పేరెత్తాక ఆయన నవ్వుతారు. నవ్వలేదు. "నా క్లాసులో ఇలాంటి తప్పు చేసేవాడు ఒక్కడు లేడు, తెలుసా. ఈ తప్పు చేయాలంటే ముందు లెక్క అంత బాగా వచ్చుండాలి. ఏ తోక కోస్తే ఏమవుతుందో నావాళ్ళకి తెలీదు. నేను సూత్రం ఇచ్చాను, తోక ఇవ్వలేదు."

ఆయన భుజం మీద కాగితాల సంచీ సర్దుకుని పెద్దహాలు వైపు వెళ్ళారు, వచ్చే టర్మ్‌కి అక్కడ కుర్చీలు సరిపోతాయో లేదో లెక్కపెట్టడానికి.

నేను క్లాసులోకి తిరిగొచ్చాను. అందరూ పనులకి వెళ్ళిపోయారు. డ్రైవరు కూడా వెళ్ళాడు, ఆయన బస్సు ఎవరికోసమూ ఆగదు. నర్సు ఒక్కతే బోర్డు తుడుస్తోంది. నేను బల్ల దగ్గర కూర్చుని ఏడ్చాను, రహస్యంగా ఏం కాదు. ఆమె తుడవడం ఆపలేదు.

"ప్రాజెక్టులో ఎన్ని మార్కులు కోస్తారు?" అంది, అటే తిరిగి.

"సగం."

"డ్రైవరుగారికి కూడానా?"

"ఇద్దరికీ."

"కోయండి." డస్టరు కింద పెట్టి చేతులు దులుపుకుంది. "మా వార్డులో ఎవరైనా ఇలా చేస్తే నేనూ ఊరుకోను. కానీ మీమీద కోపం మాత్రం పోలేదు మేడం."

"పోనక్కర్లేదు," అన్నాను.

ఆమె వెళ్ళలేదు. మొదటి బెంచీలో, డ్రైవరు కూర్చునే చోట కూర్చుంది. తొమ్మిదింటికి ఎవరో వచ్చి గది తాళం వేయాలనేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.